నాన్న బండి హెడ్‌లైటు మలుపులో ఆరిపోతోంది: వైరింగంతా మార్చాలా, అమ్మేయాలా?

పేరు రాయొద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు, నేను కుదించి చెప్తున్నాను. వాళ్ల నాన్నగారిది పాతికేళ్ల నాటి 100 సీసీ బండి. ఆయన పోయాక మూడేళ్లు కవరు కింద అలాగే ఉండిపోయింది. ఏడు నెలల కిందట ఈవిడే దాన్ని బయటికి తీసి, సర్వీసింగ్ చేయించి, రోజూ డ్యూటీకి వేసుకెళ్తున్నారు. ఇంజన్ ఒక్క కిక్కుకే అందుకుంటుంది. గొడవంతా లైట్లతోనే. బండి స్లోలో ఉంటే హెడ్‌లైటు ఎర్రగా, రేజ్ చేస్తే తెల్లగా వెలుగుతుంది. మలుపులో హ్యాండిల్ ఎడమకి తిప్పితే ఒక్కోసారి పూర్తిగా ఆరిపోయి మళ్లీ వస్తుంది. బ్రేకు తొక్కితే వెనక లైటు పెరగాల్సింది పోయి తగ్గుతుంది, పైగా ఇండికేటర్లు వాటంతటవే సన్నగా వెలుగుతాయి. నాలుగు నెలల్లో మూడు హెడ్‌లైట్ బల్బులు పోయాయి. మూడోది పోయిన రాత్రి ఇంటికొచ్చి చూస్తే టెయిల్ ల్యాంపు, మీటర్ బల్బు కూడా మాడిపోయి ఉన్నాయి.

ఇద్దరు మెకానిక్‌లు చూశారు. బ్యాటరీ మార్చారు, ఇండికేటర్లని వెలిగించి ఆర్పే ఫ్లాషర్ మార్చారు, హెడ్‌లైట్ హోల్డర్ మార్చారు. ఒకరు వైరింగ్ మొత్తం మార్చాల్సిందే అన్నారు, ఇంకొకరు ఎల్‌ఈడీ పెట్టేసుకుంటే ఏ గొడవా ఉండదన్నారు. వాళ్ల అన్నయ్యేమో, మూడేళ్లు బాగానే ఉంది, నువ్వు నడిపే పాడు చేశావు, ఎవరికైనా ఇచ్చేద్దాం అంటున్నారట. ఉత్తరం చివర ఆవిడ రాసిన మాటలు అలాగే ఇస్తున్నాను: "పోయిన వారం రాత్రి పదకొండింటికి మలుపులో లైటు పోయింది. రెండు సెకన్లే. ఆ రెండు సెకన్లూ రోడ్డు ఎటుందో తెలియలేదు. ఇప్పుడు సాయంత్రం అవుతుంటేనే టెన్షన్ మొదలవుతోంది. బండిని వదల్లేను, నడపనూ లేను."

అమ్మా,

ముందు ఆ రెండు సెకన్ల సంగతి. హ్యాండిల్ తిప్పితే ఆరిపోతున్న కారణం దొరికేదాకా ఆ బండి రాత్రిపూట తీయకండి. అన్నిటికంటే ప్రమాదం ఇదే. హ్యాండిల్‌కి టార్చి కట్టుకుని సర్దుకునే ఆలోచన కూడా వద్దు. పగటి డ్యూటీ అడగండి, లేదా ఎవరితోనైనా కలిసి వెళ్లండి. నేను కింద చెప్పబోయేది రెండు ఆదివారాల పని, అంతకంటే ఎక్కువ పట్టదు.

తర్వాత మీ అన్నయ్య మాట. ఆయన కావాలని అనలేదు కానీ, విషయం తలకిందులుగా ఉంది. మీరు నడిపినందుకు లైట్లు పాడవలేదు. మూడేళ్లు కదలకుండా ఉన్నందుకు పాడయ్యాయి. రోజూ తిరిగే బండిలో స్విచ్‌లు నొక్కుతూ ఉంటాం కాబట్టి లోపలి రాగి కాంటాక్టులు ఒకదానికొకటి రాసుకుని శుభ్రంగా ఉంటాయి. నిలబెట్టేసిన బండిలో తేమ చేరి, వైర్లని కలిపే ప్రతి కప్లర్‌లో, ప్రతి హోల్డర్‌లో ఆకుపచ్చ చిలుము పడుతుంది. వైర్ల మీది తొడుగు గట్టిపడి పెళుసుగా అవుతుంది. మీరు నడపడం మొదలుపెట్టాక అది బయటపడింది, అంతే. ఈ నేరం మీ నెత్తిన వేసుకోకండి.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిందేంటంటే, లైట్లు పనిచేయడం లేదు అని రాసి ఊరుకోలేదు మీరు. ఏం చేస్తే ఏం జరుగుతోందో రాశారు. సగం రిపేరు అక్కడే అయిపోయింది. మెకానిక్‌లకి మీరు ఇంత వివరంగా చెప్పే అవకాశం వచ్చి ఉండదు, వాళ్లు పోయిన బల్బు చూశారు, కొత్త బల్బు వేశారు. మీరు చెప్పినవి నాలుగు లక్షణాలు. వాటన్నిటికీ కలిపి ఒక జబ్బు వెతికితే ఎవరికైనా 'వైరింగ్ మొత్తం మార్చాలి' అనే అనిపిస్తుంది. విడదీసి చూస్తే అందులో ఒకటి అసలు జబ్బే కాదు.

స్లోలో ఎర్రగా, రేజ్ చేస్తే తెల్లగా వెలగడం ఆ కాలపు చిన్న బళ్లలో చాలావాటికి పుట్టుకతో వచ్చిన లక్షణం. వాటిలో హెడ్‌లైటుకి కరెంటు బ్యాటరీ నుంచి రాదు, ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించే మాగ్నెటో కాయిల్ నుంచి నేరుగా ఏసీగా, అంటే దిశ మారుతూ ఉండే కరెంటుగా వస్తుంది. ఇంజన్ ఎంత వేగంగా తిరిగితే అంత వోల్టేజీ. మీ బండిలో అలాగే ఉందో లేదో ఇలా చూడండి: ఇంజన్ ఆపి, తాళం ఆన్ చేసి, హెడ్‌లైట్ స్విచ్ వేయండి. హారన్ మోగుతూ, ఇండికేటర్లు పనిచేస్తూ, హెడ్‌లైటు మాత్రం రాకపోతే అది మాగ్నెటో మీద నడుస్తున్నట్టే. నాకైతే మీరు రాసిన తీరు చూస్తే అదేననిపిస్తోంది. అదే అయితే బ్యాటరీ మార్చినందువల్ల హెడ్‌లైటుకి ఒరిగేదేమీ లేదు, ఆ ఖర్చు ఎందుకు వృథా అయ్యిందో ఇప్పుడు మీకే అర్థమవుతుంది.

అయితే పుట్టుకతో వచ్చిన మసక వేరు, మధ్యదారిలో కరెంటు కారిపోయి వచ్చిన మసక వేరు. మామూలు ఫిలమెంటు బల్బుకి వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పడిపోతుంది. స్విచ్‌లో కొంచెం, కప్లర్‌లో కొంచెం, ఎర్త్‌లో (కరెంటు ఫ్రేము గుండా తిరిగి వెళ్లే దారిలో) కొంచెం పోతే చివరికి బల్బు దగ్గర మిగిలేది దీపపు వెలుగు. అందుకే స్విచ్‌లూ కప్లర్లూ విప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, చిలుము పోయేలా మెత్తటి బ్రష్‌తో రుద్ది మళ్లీ బిగిస్తే చాలా పాత బళ్ల లైట్లలో తేడా కంటికే తెలుస్తుంది. హై, లో మార్చే డిప్పర్ స్విచ్‌ని మాత్రం జాగ్రత్తగా విప్పండి, లోపల ఓ చిన్న స్ప్రింగూ గోళీ ఉండొచ్చు, ఎగిరి ఎక్కడో పడతాయి. కింద తెల్లటి గుడ్డ పరిచి విప్పితే మంచిది.

ఇక అసలైన శత్రువు, ఎడమకి తిప్పితే ఆరిపోవడం. మెయిన్ వైరింగు ట్యాంకు కింద నుంచి వచ్చి, హ్యాండిల్ మెడ పక్కగా వంగి, హెడ్‌లైట్ డూమ్‌లోకి, అంటే లైటు బిగించే గిన్నెలోకి వెళ్తుంది. హ్యాండిల్ ఎటు తిప్పినా ఆ వంపు దగ్గరే వైర్లు మడత పడతాయి. పాతికేళ్లలో అక్కడ ఎన్నిసార్లు మడతపడి ఉంటాయో ఊహించండి. తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతూ వస్తాయి.

ఇలాంటిది నేనోసారి నా బండిలో విప్పి చూశాను. పైన టేపు తీస్తే జిగురు నల్లగా చేతికంటుకుంది. లోపలి వైరు మీద చిన్న గీత కూడా లేదు. వేలితో నొక్కుకుంటూ వెళ్తే ఒక్కచోట మాత్రం మెత్తగా తగిలింది, ఖాళీ గొట్టం నొక్కినట్టు. బ్లేడుతో తొడుగు చీరితే ఆకుపచ్చ పొడి రాలింది, దాని మధ్య రెండే రెండు పోగులు మిగిలున్నాయి. హ్యాండిల్ నిటారుగా ఉంటే తెగిన పోగులు కూడా ఒకదానికొకటి ఆనుకుని పనిచేసేవి, ఎడమకి తిప్పితే దూరం జరిగేవి. దీనికి ముందు నేను కరెంటు కొలిచే మల్టీమీటర్ పెట్టి ఆ వైరునే చూశాను, 'బీప్' అంది, బాగుందనుకుని వదిలేశాను. అదే నా పొరపాటు. బీప్ మోడ్‌కి ఒక్క పోగు ఉన్నా చాలు, అది వెంట్రుకంత కరెంటే పంపుతుంది. 35 వాట్ల బల్బుకి దాదాపు 3 ఆంపియర్లు కావాలి, ఆ రెండు పోగులు మోయలేవు. కాబట్టి వైరుని ఎప్పుడూ లోడు మీదే, అంటే బల్బు వెలుగుతుండగానే పరీక్షించాలి.

మీరు చేయాల్సింది ఇది. బండిని మెయిన్ స్టాండ్ వేసి, గాలి బాగా ఆడేచోట స్టార్ట్ చేసి, లైటు వేసి, ఎవరినైనా యాక్సిలరేటర్ కొంచెం పట్టుకోమనండి. హ్యాండిల్‌ని నెమ్మదిగా ఎడమకి చివరిదాకా తిప్పండి. ఆరిందా, ఆరిన చోటే ఆపి, డిప్పర్ నొక్కి చూడండి. హై, లో రెండూ పోతే ఆ రెంటికీ ఉమ్మడిగా ఉన్న వైరు గానీ, హెడ్‌లైట్ ఎర్త్ గానీ తెగింది. ఒకటే పోతే స్విచ్ నుంచి బల్బుకి వెళ్లే ఆ ఒక్క వైరు. తర్వాత హ్యాండిల్ కదపకుండా మెడ దగ్గర వైర్ల కట్టని వేలితో అంగుళం అంగుళం కదుపుతూ వెళ్లండి. ఎక్కడ ముట్టుకుంటే లైటు మినుకుమంటుందో అక్కడ ఉంది. దొరికాక ఇంజన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, అప్పుడు మాత్రమే టేపు కోయండి. పాడైన ముక్క తీసేసి, అంతే మందమున్న కొత్త వైరు ముక్క వేయించండి. కొంచెం వదులుగా పొడవు ఉంచాలి, బిగుతుగా కడితే మళ్లీ అదే కథ. అతుకు సరిగ్గా వంపులో రాకుండా చూడమనండి, ఎందుకంటే సోల్డరింగ్ చేసిన చోట వైరు పుల్లలా గట్టిపడుతుంది, గట్టిదనం ఆగిపోయే చోట మళ్లీ విరుగుతుంది.

బ్రేకు తొక్కితే వెనక లైటు తగ్గి ఇండికేటర్లు వెలగడం చాలామందికి దెయ్యం పట్టినట్టు అనిపిస్తుంది గానీ, నాలుగింటిలోకీ తేలికైనది ఇదే. వెనక మడ్‌గార్డ్ మీదున్న లైట్లన్నిటికీ కలిపి ఒకే ఎర్త్ ఉంటుంది, అది తుప్పు పట్టింది. బ్రేకు బల్బులోకి వెళ్లిన కరెంటుకి తిరిగి వెళ్లే దారి మూసుకుపోయి, పక్కనున్న ఇండికేటర్ల ఫిలమెంట్లలోంచి వెనక్కి దూరి, ముందు ఇండికేటర్ల ఎర్త్ వెతుక్కుంటూ పోతోంది. చాలినంత పొడవున్న వైరు తీసుకుని, ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకో కొస టెయిల్ ల్యాంప్ హోల్డర్ లోహానికి ఆనించి బ్రేకు తొక్కండి. అన్నీ సరిగ్గా వెలిగితే రోగం తెలిసినట్టే. ఎర్త్ బిగించే బోల్టు తీసి, కింద రంగూ తుప్పూ గీకి, మెరిసే ఇనుము కనిపించేలా చేసి బిగించండి. ఇంకా నమ్మకం కావాలంటే ఆ పరీక్ష వైరునే పక్కాగా ఫ్రేము వరకు లాగించండి. ఒక జాగ్రత్త, బాగా పాత కాలపు కొన్ని బళ్లలో బ్యాటరీ పాజిటివ్‌ని ఫ్రేముకి ఇచ్చేవారు. మీది పాతికేళ్లదే కాబట్టి అలా ఉండదు, అయినా ఏ వైరు ఫ్రేముకి వెళ్లిందో ఓసారి కంటితో చూసుకోండి.

నాలుగోది మీ జేబుని తింటున్నది. హెడ్‌లైటు, టెయిల్ ల్యాంపు, మీటర్ బల్బు మూడూ ఒకే రాత్రి పోయాయన్నారు చూడండి, నాకు మొత్తం ఉత్తరంలో అన్నిటికంటే ఎక్కువ చెప్పిన వాక్యం అదే. కాయిల్ ఇచ్చే వోల్టేజీ రేజ్‌తో పాటు పెరిగిపోకుండా ఆపేది రెగ్యులేటర్, మెకానిక్‌లు ఆర్‌ఆర్ యూనిట్ అంటారు. అది పనిచేయకపోతే హెడ్‌లైటే ఆ భారమంతా మోస్తూ ఉంటుంది. హెడ్‌లైటు మాడిపోయిన మరుక్షణం ఆ వోల్టేజీ అంతా చిన్న బల్బుల మీద పడుతుంది, అవి నిలబడవు. ఇంకొకటి, మలుపులో వైరు విడిపోయిన ప్రతిసారీ కూడా ఇదే జరుగుతుంది. అంటే మీ రెండో లోపం, నాలుగో లోపం ఒకదానికొకటి సాయం చేసుకుంటున్నాయి.

పాత బల్బులు పారేయకపోతే వెలుతురులో పట్టుకుని చూడండి. గాజు నల్లగా గానీ వెండి పూత పూసినట్టు గానీ ఉంటే ఎక్కువగా అది వోల్టేజీ పని. గాజు తేటగా ఉండి తీగ మాత్రం తెగి ఉంటే అదురు వల్ల పోయి ఉండొచ్చు, అప్పుడు హోల్డరూ డూమ్ బోల్టులూ వదులుగా ఉన్నాయేమో చూడాలి. రెగ్యులేటర్ని పరీక్షించడానికి మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి, బల్బు వెలుగుతుండగానే హోల్డర్ వెనక కొలవండి. స్లోలో అంకె తక్కువున్నా కంగారు లేదు. రేజ్ చేస్తే పెరిగి 13, 14 దగ్గర ఆగిపోవాలి. ఆగకుండా 16, 18 అంటూ ఎక్కుతూనే ఉంటే వెంటనే రేజ్ తగ్గించేయండి, లేకపోతే నాలుగో బల్బు కూడా పోతుంది. మామూలు మీటర్లు ఈ తరహా ఏసీని కచ్చితంగా చూపించవు, కాబట్టి అంకె కంటే అది ఆగుతోందా లేదా అన్నది చూసుకోండి. ఎక్కుతూనే ఉంటే కొత్త యూనిట్ కొనేముందు ఒక్క పని చేయండి: ఆ యూనిట్ ఎర్త్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య పైన చెప్పిన వైరునే పెట్టి మళ్లీ కొలవండి. ఎర్త్ లేని రెగ్యులేటర్ ఎంత కొత్తదైనా పనిచేయదు. వెనక ఎర్త్ అంత పాడైన బండిలో ఇక్కడ మాత్రం బాగుంటుందని నేను అనుకోను.

అదే మీటర్‌ని డీసీకి (బ్యాటరీ ఇచ్చే, దిశ మారని కరెంటుకి) మార్చి బ్యాటరీ మీద కూడా చూడండి. ఇంజన్ ఓ మోస్తరు రేజ్‌లో ఉన్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే చార్జింగ్ బాగున్నట్టే. 15 దాటుతుంటే కొత్తగా వేసిన బ్యాటరీ కూడా ఉడికిపోతుంది.

ఇప్పుడు మీరడిగిన మూడు దారులు.

వైరింగ్ మొత్తం మార్చడం తప్పు సలహా కాదు. విప్పి చూసినప్పుడు ఒక్కచోట కాకుండా చాలాచోట్ల వైర్లు పెళుసుగా విరుగుతుంటే, మధ్యలో ఎవరెవరో వేసిన అతుకులు పది కనిపిస్తే, అప్పుడు అదే మంచిది, మళ్లీ మళ్లీ వెతుక్కునే బాధ పోతుంది. కానీ కొత్త వైరింగు వేసినా స్విచ్‌లు పాతవే, హోల్డర్లు పాతవే, తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు పాతదే, రెగ్యులేటర్ పాతదే. అవి చూడకుండా వైరింగు మాత్రం మార్చితే మలుపులో లైటు ఆరిపోవడం ఆగుతుందేమో గానీ, బల్బులు పోవడం ఆగదు. పైగా తక్కువ రకం వైరింగు వస్తే అందులో రాగి సన్నంగా ఉంటుంది, పాతదానికంటే ముందే పోతుంది.

ఎల్‌ఈడీ విషయంలో నేను కొంచెం గట్టిగానే చెప్తాను, ఇప్పుడు వద్దు. ఏసీ మీద నడిచే లైనులో డీసీ కోసం చేసిన ఎల్‌ఈడీ పెడితే మినుకుమినుకుమంటుంది, రెగ్యులేటర్ బాగాలేని బండిలో అది కూడా మాడుతుంది, బల్బు కంటే ఖరీదుగా. ఫిలమెంటు బల్బు కోసం చేసిన పాత అద్దంలో చాలా ఎల్‌ఈడీలు వెలుగుని రోడ్డు మీద వేయకుండా ఎదుటివాళ్ల కళ్లలో వేస్తాయి. ఇండికేటర్లకి పెడితే పాత ఫ్లాషర్ సరిగ్గా కొట్టదు, దానికి తగిన ఫ్లాషర్ వేరే వేయాలి. ముందు లోపాలన్నీ పోనివ్వండి. ఆ తర్వాత కూడా వెలుగు చాలకపోతే హెడ్‌లైటుని డీసీకి మార్పించుకోవచ్చు. దానికి కాయిల్ ఎర్త్ విడదీయాలి, వేరే ఆర్‌ఆర్ యూనిట్ వేయాలి, పెద్ద బ్యాటరీ కావాలి. స్లోలో కూడా వెలుగు నిలకడగా ఉంటుంది, నిజమే. కానీ ఆ కాయిల్ ఇచ్చే కరెంటు పెరగదు కదా, ట్రాఫిక్‌లో ఎక్కువసేపు నిలబడితే బ్యాటరీ దిగిపోతుంది. తెలిసినవాళ్లు చేస్తేనే చేయించండి. ఎక్కువ వాట్ల బల్బు వేయమని ఎవరైనా చెప్తే మాత్రం వినొద్దు, కాయిల్ అంత ఇవ్వలేదు, హోల్డర్ కరుగుతుంది, వెలుగు ఇంకా తగ్గుతుంది. ఫ్యూజు పోతోందని లావుది వేయడం ఇంకా ప్రమాదం.

అమ్మేయడం. మీరు అమ్మితే నాన్నగారికి ద్రోహం చేసినట్టు కాదు, ఉంచుకుంటే మొండితనమూ కాదు. రాత్రి డ్యూటీలు తప్పనిసరి అయి, బండి మీద నమ్మకం మళ్లీ రాకపోతే, రోజువారీకి వేరే బండి చూసుకుని దీన్ని పగటిపూటకి, సెలవు రోజులకి ఉంచుకోవడం కూడా ఒక దారే. అప్పుడైనా వారానికోసారి నడపాలి, స్విచ్‌లు కదపాలి, లేకపోతే చిలుము మళ్లీ వస్తుంది. ఒకవేళ ఇచ్చేయాలనే అనుకుంటే ఆ మెడ దగ్గర వైరు బాగుచేయించాకే ఇవ్వండి. ఆ మలుపులో ఇంకొకరికి ఆ రెండు సెకన్లు రాకూడదు.

నన్నడిగితే ముందు ఎర్త్‌లు, తర్వాత రెగ్యులేటర్ కొలత, అది తేలాకే కొత్త బల్బులు, ఆ పైన మెడ దగ్గర వైరు, ఈ వరసలో వెళ్తాను. ఒక్కోసారి ఒక్కటే మార్చండి, మార్చాక నడిపి చూడండి. ఒకేసారి మూడు మార్చితే ఏది పనిచేసిందో మీకూ తెలియదు, మెకానిక్‌కీ తెలియదు. మీరే చేయలేనంటే మెకానిక్ దగ్గరికే వెళ్లండి, కానీ "లైట్లు చూడండి" అనకండి. "హ్యాండిల్ ఎడమకి తిప్పితే హెడ్‌లైటు ఆరిపోతోంది, మెడ దగ్గర విప్పి నా ముందే చూపించండి" అనండి. పక్కన నిలబడి చూడడానికి ఒప్పుకునే మనిషి దగ్గరే చేయించుకోండి.

ఉత్తరంలో మీరు ఒక మూల రాసి వదిలేసిన సంగతి ఉంది, సైడ్ బాక్సులో నాన్నగారి చిన్న నోట్‌బుక్ దొరికిందని, అందులో ఆయిలు మార్చిన తేదీలతో పాటు బల్బులు మార్చిన తేదీలు కూడా ఉన్నాయని. అది తీసి చూడండి. ఆయన హెడ్‌లైట్ బల్బు ఎన్నాళ్లకోసారి మార్చేవారు? ఏళ్లకేళ్లు వచ్చేదైతే రెగ్యులేటర్ ఈమధ్యే పాడైంది. ఆయన కూడా తరచూ మారుస్తూ వచ్చి ఉంటే రెగ్యులేటరో, దాని ఎర్తో అప్పటి నుంచే బాగాలేదన్నమాట. ఆ తేదీలు, మీరు కొలిచిన అంకెలు నాకు మళ్లీ రాయండి, చూసి చెప్తాను.